మొగుడు లేని ఫ్యామిలీ రూము

జూన్ 3
పక్క రూము నర్సు సునీతమ్మ మొగుడి వీసా రద్దు. పొద్దున విమానమెక్కాడు. సాయంత్రానికే ఓబులేసు ఆమె తలుపు కొట్టాడు.
“ఇది ఫ్యామిలీ రూము. మొగుడు లేకపోతే నువ్వూ బ్యాచిలరే. ఖాళీ చెయ్.”
ఆరో నెల కడుపుతో బ్యాచిలర్... ఒమాన్‌లో, ఈ అమెరాత్ ఊళ్లో నా ఇన్నేళ్ల బతుకులో ఇది కొత్త.
ఓబులేసేమీ యజమాని కాదు. ఒమానీ దగ్గర విల్లా అద్దెకు పట్టి, ప్లైవుడ్ గోడలు కొట్టి, మాకందరికీ తలా ఒక అర ఇచ్చినవాడు.

జూన్ 5
ఆమె డ్యూటీకి పోగానే ఏసీ పీకేశాడు. గోడకి పెద్ద కన్నం. అందులోంచి వేడిగాలి.
బహ్లా ఊళ్లో నేను కుట్టుమిషను తొక్కే రోజుల్లో ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, మేకల కొట్టానికి కూలర్ పెట్టించాడు. ఆ మేకల్ని ‘మీ మొగుళ్లేరీ’ అని ఎవరూ అడగలేదు. సరే, ఎక్కడికో పోతున్నాను.

జూన్ 6
సుత్తితో వచ్చాడు. మూడో దెబ్బకి గడియ ఊడింది. అడ్డం నిలబడ్డాను. కోర్టు చెప్పందే తలుపు పగలగొట్టకూడదన్నాను. కరెంటు, నీళ్లు ఆపి మనిషిని తరమకూడదన్నాను.
“చట్టం నాకు చెప్తాండావా ఖాదర్ చిచ్చా? గుడ్డలు కుట్టుకో పో.”
సుత్తి పిడి మూతి మీద పడింది. ముందు పన్ను నాలుక మీదికి రాలింది — ఉప్పగా, వెచ్చగా.
సునీతమ్మ గిన్నెడు మరిగే గంజి వాడి చేతి మీద పోసింది. తోలు లేచింది. వాడు అరుస్తుంటే ఆమే — “రుద్దకండి. కుళాయి కింద పెట్టండి. ఉంగరం తీసేయండి, వాస్తుంది.”
నర్సు నర్సే.

జూన్ 7
సునీతమ్మ నా పంటి చిగురుకు దూది పెట్టింది.
“ఎల్లుండి నాకు సెలవు బాబాయ్ గారూ. బలదియా, అదే మున్సిపల్ ఆఫీసుకెళ్లి కంప్లయింటు ఇస్తానండి. మీరు సాక్షిగా రావాలి.”
తల ఊపాను. నోరు తెరిస్తే రక్తం.

జూన్ 8
మూల రూము డ్రైవర్ శీను టీ పట్టుకొచ్చాడు. వాడి టీలో ఎప్పుడూ చక్కెర ఎక్కువ.
“నువ్వు సాక్ష్యం చెప్తే ఇన్‌స్పెక్టర్ వస్తాడు చిచ్చా. పర్మిషన్ లేని ప్లైవుడ్ గోడలు చూస్తాడు. ఆమెతో పాటు అందరం రోడ్డు మీదే. నీ మిషను యాడ పెట్టుకుంటావు?”
గ్లాసు అందుకున్నాను.
“సాక్ష్యం నోటితోనే గదా చెప్పేది. మిగిలిన పళ్లు జాగ్రత్త.”
నవ్వాడు. టీ తాగాను. చల్లారబెట్టి, ఒక పక్కగా.

జూన్ 9, పొద్దున
కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఓబులేసు — కుడిచేతికి కట్టు, ఎడమచేతిలో సుత్తి. పక్కన శీను. వెనక మిగతా రూములవాళ్లు, డ్యూటీ మానేసి మరీ. నిన్నటిదాకా ఆమె దగ్గర బీపీ చూపించుకున్నవాళ్లే.
ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. పెద్ద కత్తెర జేబులో పట్టడం లేదు. జేబు కుట్టింది నేనే. కత్తెర కోసం కొలత తీయలేదు మరి...
తలుపవతల సునీతమ్మ.
“బాబాయ్ గారూ, వస్తున్నారా?”