ఒల్లనమ్మా అన్న మాట

నాయనకు నీ ఎస్తేరు నమస్కారాలు.

ఈ పొద్దున కిటికీ బయట ఒక పిచ్చుక దుమ్ములో గుంట చేసుకొని స్నానం చేసింది. రెక్కలు విదిలించుకొని మళ్ళీ అదే గుంటలో కూర్చుంది. చాలాసేపు చూసినాను.

నువ్వు, అమ్మ, అవ్వ, తమ్ముడు బాగున్నారా? బావిలో నీళ్లు ఉన్నాయా, దూరం నుంచి మోస్తున్నారా? నేను బాగానే ఉన్నాను. అనంతపురంలో ఎండ మన చిలమత్తూరు కంటే ఎక్కువ. మధ్యాహ్నం ఆస్పత్రి గోడల మీద చెయ్యి పెట్టలేము.

పని ఎట్లుందని అడిగినావు. పని కష్టం కాదు నాయనా. ఒక చోట ఉండనియ్యరు. దూది ఎక్కడుందో, బీరువా తాళం ఎవరి దగ్గరుందో, ఏ ముసలామెకు చెవులు వినపడవో తెలుసుకునేలోపల ఇంకో వార్డుకు మారుస్తారు. అక్కడ మళ్ళీ నేనే ఏమీ తెలియనిదాన్ని. "ఏం సిస్టరమ్మా, దోవ తప్పినావా? ఇది నీ వార్డేనా?" అని ఆయాలు నవ్వుతారు. నిద్రలో కూడా తాళాలు వెతుకుతాను. లేచినాక ఈ రోజు ఏ వార్డో గుర్తు రాక మంచం మీద కూర్చుండిపోతాను. దిగులు పడవద్దు, బాగానే ఉన్నాను.

పిల్లల వార్డులో మాత్రం కుదురుకున్నాను. తాడిపత్రి నుంచి గంగి అనే పిల్ల కాళ్ళు కాలి వచ్చింది. కట్టు విప్పేటప్పుడు నా చెయ్యి తప్ప ఎవరి చెయ్యీ పడనిచ్చేది కాదు. ఆ పిల్ల నడిచి ఇంటికి పోయేదాకా నన్ను అక్కడే ఉంచుతానని రూతక్క మాట ఇచ్చింది. ఆ వార్డుకు ఆమే పెద్ద నర్సు. బస్సు దగ్గర నువ్వు, "నీ చిన్నమ్మ బిడ్డ, కండ్ల ముందర పెట్టుకో రూతమ్మా" అంటే, "నా చెల్లెల్ని నేను ఇడుస్తానా చిన్నాయనా" అనింది కదా.

పోయిన నెల మేట్రన్ మా ఇద్దరినీ పిలిచింది. ఆమె మలయాళం మనిషి, తెలుగు కొంచెమే వచ్చు. జ్వరాల వార్డుకు నన్ను పొమ్మంది. కాన్వెంటులో మాకు పెద్దల ముందు తల వంచుకోవడమే నేర్పినారు. ఆ రోజు తల ఎత్తినాను. ఇంగ్లీషులో చెప్పాలనుకుంటే భయానికి మన మాటే వచ్చింది.

"ఒల్లనమ్మా" అన్నాను.

మేట్రన్‌కు సరిగా వినపడలేదు. "విల్లింగ్?" అని రూతక్కను అడిగింది. ఇంగ్లీషులో ఆ మాటకు ఇష్టమేనని అర్థం నాయనా. మన ఇండ్లలో మాటలు నేర్చే బిడ్డలు కూడా అన్నం వద్దనేటప్పుడు అనే మాట ఒల్ల. రూతక్క నా వైపు చూడలేదు. "యెస్ మేడమ్" అంది. మేట్రన్ సంతోషపడి నా భుజం తట్టింది. అన్ని ఇంగ్లీషు పుస్తకాలు చదివి, నాకు ఒక్క 'నో' రాలేదు.

బయటికి వచ్చినాక అడిగినాను. "అక్కా, ఒల్లనంటే ఏమో నీకు తెలీదా?"

"తెలుసులేమ్మే. ఎవురో ఒకరు పోవాల కదా. నువ్వు పోకుంటే నేను పోవాల. నాకు పాలు తాగే బిడ్డ ఉండాడు. నీకేముండాది, పుస్తకాలు తప్ప?"

ఆ బిడ్డను నేనూ ఎత్తుకొని ఆడించినదాన్నే. ముందే నాతో చెప్పి ఉంటే నేనే పోయేదాన్ని. అడగలేదు.

కట్టు మార్చే పొద్దుకు గంగి అరుపు జ్వరాల వార్డుదాకా వినపడేది. ఇప్పుడు వినపడదు. నడిచే ఇంటికి పోయిందని ఆయా చెప్పింది.

ఇదంతా పెద్దమ్మతో అనవద్దు. తన కూతురు రూతక్క సంగతి వింటే కుమిలిపోతుంది. అవ్వకు నా దండాలు. అమ్మను ప్రార్థనలో నన్ను తలుచుకోమను. నా పాత వాచకాలు తమ్ముణ్ణి అమ్మనియ్యవద్దు. సంగటిలోకి ఊరిబిండి నంజుకొని తినాలని మనసు పోతుంది గానీ, ఎవరితోనూ పంపవద్దు. నువ్వు నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకొని కండ్లు మూసుకుంటాను. నేను బాగున్నాను.

నీ బిడ్డ
ఎస్తేరు

జవాబు నర్సుల క్వార్టర్సుకు రాయించవద్దు, నాకు అందదు. జ్వరాల వార్డు, కిటికీ పక్క మంచం అని రాయించు. నాకూ టైఫాయిడ్ వచ్చింది.