పెద్దావిడ చప్పుడు

మా మేస్త్రిగారికి,

ఈ ఉత్తరం కూర్చుని చదవండి. నించుని చదివితే కోపం ఎక్కువొస్తుంది. పెద్దావిడ మీద చెయ్యి వేశాను.

అవును, షెడ్డులో ఉన్న మీ కారే. పెళ్ళైన మూడో ఏడు లారీ వెనక తాడుకట్టి లాక్కొచ్చారు. "ఇదేమిటండీ, పాత ఇనుము కొనేవాడు కూడా ముట్టుకోడు" అని నేనంటే, "మెల్లిగా అను, పెద్దావిడ వింటుంది" అన్నారు. "నేను పని మానేసి ఇంటికొచ్చాక ఇద్దరం కలిసి బాగుచేద్దాం, తుప్పు నువ్వు గీకు, ఇంజను నేను చూసుకుంటా" అన్నారు. పంతొమ్మిదేళ్ళయింది. మీరు ఆ జనరేటర్ల హాల్లోనే ఉన్నారు, ఆవిడ షెడ్డులోనే ఉంది, నేను మధ్యలో ఉన్నాను.

పోయినవారం గాలివానకి షెడ్డు రేకు ఒకటి ఎగిరిపోయింది. నీళ్ళు సరిగ్గా ఆవిడ నెత్తిమీదే పడుతున్నాయి. అద్దం పైకెక్కిద్దామని తలుపు తీస్తే, తలుపు మొత్తం నా చేతుల్లోకొచ్చేసింది. కీలు పొడైపోయింది. అంత బరువు పట్టుకుని వానలో నించుని "ఏవండీ" అని గట్టిగా పిలిచాను. అలవాటు. ఆ పిలుపుకి పలికే మనిషి రెండేళ్ళుగా ఈ గడప తొక్కలేదని పిలిచాకే గుర్తొచ్చింది. తలుపుని గోడకి చేరేసి, ముందు సీట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. కళ్ళు తుడుచుకుని కిందకి చూస్తే పాదాల దగ్గర నేల కనపడుతోంది! కారు అడుగంతా తుప్పు తినేసింది. దానికి మళ్ళీ నవ్వొచ్చింది. ఇంకో రెండేళ్ళు ఇలాగే వదిలేస్తే బాగుచెయ్యడానికి ఏమీ మిగలదనిపించింది. కారు సంగతే చెబుతున్నాను, ఇంకేం అనుకోకండి.

అందుకని మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా లైబ్రరీ వ్యాను నడిపి, చిరిగిన పుస్తకాలకి అట్టలు వేసి, ఇంటికొచ్చి ఉప్పుకాగితం పట్టుకుంటున్నాను. మూడ్రోజులు గీకితే ఒక్క తలుపు తేలింది. తుప్పు కింద లేత ఆకుపచ్చ రంగుందండీ! మీకు తెలుసా? మీరు ఎప్పుడూ చెప్పలేదు. వీధి చివర వెల్డరు వచ్చి చూసి, తలుపు కీలు అతికి, అడుగుకి కొత్త రేకు వేస్తానన్నాడు. "అమ్మా, ఇది మీవల్లయ్యే పని కాదు" అన్నాడు. అన్నాక మర్నాడు పొద్దున్నే పిలవకుండానే వచ్చాడు. అతనికీ ఆవిడ నచ్చినట్టుంది.

ఇంజను బిగుసుకుపోయి ఉంది. ముందున్న హ్యాండిలు పెట్టి తిప్పితే నేను కదులుతున్నాను గానీ అది కదలడంలేదు. ఏం చెయ్యాలో వివరంగా రాయండి. ఫోను చెయ్యమని అడగను. అక్కడ ఫోను సరిగా పలకదని, ఏదున్నా ఉత్తరం రాయమని చెప్పారుగా. కాకపోతే ఆదివారం పదయ్యేసరికి ఫోను పక్క కుర్చీలోకెళ్ళి కూర్చోవడం ఇంకా మానలేకపోతున్నాను. కూర్చుని బఠాణీలు ఒలుచుకుంటున్నాను, ఊరికే కూర్చున్నట్టు ఉండకూడదని.

సెలవు దొరికితే చెప్పండి. దొరక్కపోయినా చెప్పండి.

మీ
అట్టలమ్మ

*

మీకు,

నాలుగు నెలల్లో మీరు రాసిన ఆరు ఉత్తరాలూ వరసగా పేర్చుకుని ఇది రాస్తున్నాను. మీరు చెప్పినట్టే ప్లగ్గులు విప్పి, ఆ కన్నాల్లో డీజిలూ ఆయిలూ కలిపి పోసి, పది రోజులు నానబెట్టాను. రోజూ హ్యాండిలు పట్టుకుని అటు కొంచెం, ఇటు కొంచెం ఊపాను. పదకొండోరోజు వేలెడంత కదిలింది. షెడ్డులో ఒక్కదాన్నే గెంతులేశాను. పెట్రోలు టాంకులో కంకర్రాళ్ళు వేసి, కిరసనాయిలు పోసి, నేనూ వెల్డరూ చెరోవైపు పట్టుకుని ఊయలూపినట్టు ఊపితే లోపలి తుప్పంతా ఎర్రటి బురదలా వచ్చేసింది. సీట్లు నేనే కుట్టాను. పుస్తకాల వెన్ను కుట్టే వంకర సూది దీనికీ పనికొచ్చింది.

పోయిన నెల ఇంజను మేలుకుంది. ఒక్కసారి దగ్గి, షెడ్డంతా పొగ చేసి, నడిచింది. వెల్డరు చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం మీరు లేని లోటు ఆ నిమిషంలో తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. ఆ చప్పుడు మీరు వినాల్సింది.

అందులో ఏదో తేడా ఉంది. పైనుంచి "టకటకటక" అని, వేడెక్కాక ఇంకా గట్టిగా. ఎలా కొడుతోందో మూడు ఉత్తరాల్లో మూడు రకాలుగా రాశాను. పెళ్ళైన కొత్తలో వీధిలో పోయే లారీ చప్పుడు విని, అన్నం తింటూనే "వాడి బేరింగు పోయింది" అన్న మనిషి మీరు! స్క్రూడ్రైవరు పిడి చెవికి ఆనించుకుని ఇంజను గుండెలో ఏముందో చెప్పే మనిషి. మరి మీ జవాబేమిటి? "ప్లగ్గు విప్పి రంగు చూసి రాయి. పొగ తెలుపో నలుపో రాయి. ఇంజను మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి ఎలా వణుకుతున్నాయో రాయి." చప్పుడు గురించి ఒక్క ముక్క లేదు. నా ఉత్తరాలు పూర్తిగా చదువుతున్నారా అసలు?

ఇక అసలు సంగతి. దాచుకుందామనుకున్నాను, చేతకావడంలేదు.

మొన్న బుధవారం నేను ఫోను చేశాను. మీ ఆఫీసు గుమస్తా మిమ్మల్ని పిలిపించాడు. మీ గొంతు విని రెండేళ్ళయింది. ముందు ఇంజను నడిచిందని చెప్పాను. "ఆఁ, బాగానే ఉన్నాను" అన్నారు. సెలవెప్పుడు అన్నాను. "ఆఁ, ఆఁ, తింటున్నాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "అసలు ఈ ఇంటికి రావాలని ఉందా మీకు?" అని అడిగాను. మీరు ఏమాత్రం తడుముకోకుండా "లేదు లేదు, ఏం లేదు. సరే ఉంటాను" అని పెట్టేశారు.

అంత తేలిగ్గానా?

ఎవరైనా ఉన్నారా అని అడగను. ఉన్నారని చెబితే భరించగలను గానీ, లేరని చెప్పి కూడా రాకపోతే అది భరించలేను. లైబ్రరీలో బదిలీకి కాగితం పెట్టాను. చెల్లెలుండే ఊళ్ళో బైండింగు గదిలో ఖాళీ ఉంది. నెలాఖరుకి తేలిపోతుంది. పెద్దావిడ నడిచేలా చేసి, తాళాలు వెల్డరు దగ్గర పెట్టి వెళతాను. మీరెప్పుడైనా వస్తే తీసుకోండి. కలిసి బాగుచేద్దామన్న పని ఒక్కదాన్నే పూర్తిచేశాను. ఎదురుచూపు కూడా ఒక్కదాన్నే చేశాను కాబట్టి, అది మానేసే హక్కు కూడా నాదే.

ఆరోగ్యం జాగ్రత్త.

అట్టలమ్మ

*

అట్టలమ్మా,

నీ ఉత్తరం ఇక్కడి మెట్లమీదే చింపి చదివాను. అక్కడే కూర్చుని ఇది రాస్తున్నాను. ఫోన్లో నువ్వేం అడిగావో, నేనేం చెప్పానో నాకిప్పుడే తెలిసింది.

నాకు చెవులు వినపడవు.

ఇంత చిన్న మాట రాయడానికి రెండేళ్ళు పట్టింది. ముందు కుడిచెవి పోయింది. జలుబనుకున్నాను. తర్వాత ఎడమది. ఎనిమిది జనరేటర్ల మధ్య ఇరవై ఏళ్ళు నించుంటే ఇంతేనట. డాక్టరు కాగితం మీద రాసి చూపించాడు. ఆ రోజు హాల్లోకి వెళితే జనరేటర్లన్నీ ఆపేసినట్టుంది. తిరుగుతూనే ఉన్నాయి. అరచెయ్యి ఆనిస్తే తెలిసింది. ఇప్పుడు నన్ను స్టోరులో కూర్చోబెట్టారు. ఏ సామాను కావాలో పలక మీద రాసి చూపిస్తారు, తీసి ఇస్తాను. నలుగురూ మంచివాళ్ళే. వెనకనుంచి పిలిచి, నేను పలక్కపోతే నవ్వరు. అదే నాకు బాధ. నవ్వినా బాగుండును.

ఆ బుధవారం గుమస్తా ఫోను వైపు చెయ్యి చూపించి, ఉంగరం వేలు చూపించాడు. నువ్వని అర్థమైంది. రిసీవరు చెవికి పెట్టుకున్నాను. ఏమీ లేదు. గాలి కూడా లేదు. పెట్టెయ్యలేకపోయాను, నువ్వు అవతల ఉన్నావు కదా. ఆడవాళ్ళు ఫోన్లో ముందు ఎలా ఉన్నావంటారు, తర్వాత తింటున్నావా అంటారు, చివర్న ఏమైనా ఇబ్బందా అంటారు. ఆ వరసలో జవాబులు చెప్పుకుంటూ పోయాను. నువ్వు అడిగినవి వేరు. నేను "లేదు లేదు" అన్నది ఇబ్బందేం లేదని. ఇంటికి రావాలని లేదని కాదే! రావాలని ఉండటం తప్ప ఇక్కడ నాకు ఇంకో పనేముంది?

మరి ఎందుకు రాలేదంటావు. చెబుతాను, తిట్టుకో. నువ్వు ఎప్పుడూ వంటింట్లోంచి వెనక్కి తిరక్కుండా మాట్లాడతావు. పొయ్యి వైపు చూస్తూ వీధి సంగతులన్నీ చెప్పుకుపోతావు, నేను ముందుగదిలోంచి ఊఁ కొడతాను. మన కాపురమంతా ఆ ఊఁ మీదే నడిచింది. ఒకరోజు నువ్వు వెనక్కి తిరిగి చూస్తావు, నేను ఊఁ కొట్టకుండా గోడ చూస్తూ ఉంటాను. ఆ చూపు నేను పడలేననుకున్నాను. చప్పుడు విని జబ్బు చెప్పేవాడినని పదిమందిలో గొప్పగా చెప్పుకునేదానివి. ఇప్పుడేమని చెప్పుకుంటావు?

నువ్వు రాసిన ఆ మూడు ఉత్తరాలూ దిండుకింద ఉన్నాయి. "టకటకటక" అని రాశావు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి ఎన్నిసార్లు పలుక్కున్నానో. పైన వాల్వుల దగ్గరుండే టాపెట్లా, అడుగు బేరింగా అన్నది అక్షరాల్లో తేలదు. అందుకే నీళ్ళు ఎలా వణుకుతున్నాయని అడిగాను. నా తెలివి అంతవరకే పోయింది.

నీ గొంతు రోజుకొకసారి గుర్తుచేసుకుంటాను. "ఏవండీ" దాకా బాగానే వస్తుంది. నవ్వు మాత్రం చెరిగిపోతోంది.

చెల్లెలి దగ్గరికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. నేను అడ్డుపడను. కానీ నేను వద్దనుకున్నానని మాత్రం వెళ్ళకు.

నీ
మేస్త్రి

*

ఏవండీ,

సెలవు అడగకండి, పని మానేస్తానని రాసివ్వండి. శనివారం మధ్యాహ్నం బండికి దిగండి. స్టేషను బయట ఉంటాను.

బదిలీ కాగితం వెనక్కి తీసుకున్నాను. తిట్లు ఇంకా వెనక్కి తీసుకోలేదు.

మీ అట్టలమ్మ

*

షెడ్డులో ఉన్న మా ఆయనకు,

ఇరవై అడుగుల దూరానికి ఉత్తరమేమిటని నవ్వకండి. మీరు ఇందాక "కార్లో ఏదో అన్నావు, పెదాలు కదిలాయి, ఏమిటది?" అని అడిగారు. నేను ఏం లేదన్నట్టు చెయ్యి ఊపాను. ఊపి లోపలికొచ్చాక తప్పనిపించింది. ఏం లేదు, ఏం లేదు అంటూనే మీరు రెండేళ్ళు దాచారు. ఆ పని నేను మొదలుపెట్టకూడదు. అందుకని రాస్తున్నాను.

స్టేషను దగ్గర మీరు నన్ను చూడకుండా ముందు పెద్దావిడనే చూశారు. అది నేను గమనించాను. పెట్టె కింద పెట్టేసి, ఆ ఆకుపచ్చ రంగు మీద చెయ్యి వేసి, అలాగే నించున్నారు. తర్వాత నా వైపు తిరిగారు. బాగా చిక్కిపోయారు. నేను మాట్లాడబోతే మీరు భయంగా నా నోటివైపు చూశారు చూడండి, ఆ చూపు నాకు జన్మలో వద్దు. అందుకే నోరు మూసుకుని తలుపు తీశాను.

లైబ్రరీ వ్యాను నడిపే చేతులేగా, బాగానే నడిపాను. మీరు అరచెయ్యి ముందున్న రేకుకి ఆనించి, కళ్ళు మూసుకుని, పావుగంట పోయాక "టాపెట్లే. అడుగు బేరింగు గట్టిగానే ఉంది. రేపు సరిచేద్దాం" అన్నారు. మీ గొంతు అవసరంకన్నా రెండింతలు గట్టిగా వచ్చింది. దారిన పోయే సైకిలాయన ఉలిక్కిపడ్డాడు. మీకు తెలియదు. నేను చెప్పలేదు, నాకది వినడానికి బాగుంది.

ఆ తర్వాత నేను మొదలుపెట్టాను. రైల్వే గేటు దగ్గర్నుంచి తిట్టడం మొదలుపెట్టాను. మొండిమనిషన్నాను. చెవులు పోతే చెవులేగా పోయాయి, నేనేమైనా పోయానా అన్నాను. నన్ను అంత చిన్నగా ఎలా లెక్కేశారన్నాను. వినపడని మనిషిని తిట్టడంలో ఎంత సుఖముందో ఎవరూ చెప్పలేదు నాకు! మీరు దారి చూస్తూ చిన్నపిల్లాడిలా నవ్వుకుంటున్నారు. తిట్టి తిట్టి అలిసిపోయాను. ఏడుపు కూడా వచ్చింది, అద్దంవైపు తిరిగి తుడుచుకున్నాను.

మీరు చూసింది ఆ తర్వాత అన్న మాట. మన వీధి మలుపు కనపడింది. ఎడమకి తిప్పాలి. నేను "ఇల్లొచ్చేసింది, నాకు దిగాలని లేదు" అన్నాను. అంతే అన్నది.

మీకు వినపడలేదు. మీరు చెయ్యి చాపి, నేరుగా పోనిమ్మన్నారు.

మీ
అట్టలమ్మ