సొరబుర్రలో దీపాలు

గొల్లపల్లి,
తొలకరి పడిన మర్నాడు

నా మొండి నాన్నకి,

ఫోన్ చేస్తే ఎత్తవు. ఎత్తినా అమ్మ చేతికిచ్చి పెరట్లోకి పోతావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని చదవకుండా పారెయ్యలేవు, ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ రైల్వే కాగితానికి మర్యాదిచ్చిన మనిషివి.

అమ్మ చేత చెప్పించిన మాట అందింది. "ఆ అడవిలో ఉండి సాధించింది చాలు, కిరండూల్ వచ్చెయ్యమను. పొయ్యి మీద బ్యాటరీలు పెట్టుకునే మనుషుల మధ్య చదువుకున్న పిల్లకి ఏటి పని?" అన్నావట. నాన్నా, ఆ మాటకి నాకు ఒళ్ళు మండింది. ఇది రాస్తుంటే ఇంకా మండుతోంది. జరిగినదాంట్లో నీకు సగమే తెలుసు. అందులో నీ పాలు కూడా ఉందని అసలు తెలీదు. కాబట్టి కూర్చుని పూర్తిగా చదువు.

ఇక్కడ ఇప్పపూలు రాలే రోజుల్లో ఆడవాళ్ళు తెల్లవారకముందే చెట్ల కిందికి పోతారు. ఎలుగుబంట్లకీ ఆ పూలంటే ప్రాణం. చేతిలో టార్చి పట్టుకుంటే ఏరడానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. నేను బడిలో పాఠం చెప్పుకుంటూ ఊరుకోక, మా పొదుపు సంఘం ఆడవాళ్ళ వెంటపడి నుదుటికి కట్టుకునే లైట్లు కొనిపించాను. మొదటి ఏడు నన్ను నెత్తిన పెట్టుకున్నారు. పూల కాలం అయిపోయాక ఆ లైట్లతో మళ్ళీ ఏడాది దాకా పనిలేదు. అప్పుడు నేను వాళ్ళకి చెప్పింది నీ మాటే. "బ్యాటరీని ఆకలితో పడుకోబెట్టకూడదు, కడుపు నిండా పెట్టి దాచాలి." నువ్వు సిగ్నల్ బ్యాటరీ రూము నుంచి వచ్చి చెప్పే ఆ మాట చిన్నప్పట్నుంచీ నాకు వేదం. అందరి లైట్లూ బడి సోలారు మీద నిండా చార్జి చేసి ఇచ్చాను. వాళ్ళు తీసుకెళ్ళి పొయ్యి పైన అటక మీద పెట్టారు. ఇక్కడ ఇంట్లో విలువైనదేదైనా అక్కడికే చేరుతుంది. విత్తనాల మొక్కజొన్న, చింతపండు, ఆఖరికి రేషన్ కార్డు కూడా. పొగ తగిలితే పురుగు పట్టదు, వానాకాలం చెమ్మ అంటదు. అక్కడ పెట్టారంటే ఆ లైట్లని ఎంత గొప్పగా చూసుకున్నారో అర్థం చేసుకో.

ఈ ఏడు తీసి చూస్తే చాలా లైట్లు వెలగనే లేదు. వెలిగినవి కాసేపటికే గుడ్డివైపోయాయి. మా అత్త జోగే నా మీద నమ్మకంతో ఒక్కతే పోయింది. చెట్టు కింద లైటు ఆరిపోయింది, పక్కనే ఎలుగు గుర్రుమంది. ఆవిడ చీకట్లో పరిగెత్తి వాగు గట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంది. పట్నపు కోడలు పనికిమాలిన లైట్లు అంటగట్టిందని ఊరంతా అంటోంది. బోరింగు దగ్గరికి నేను పోతే మాటలు ఆగిపోతున్నాయి.

భద్రాచలం పోయి లైట్లు అమ్మినాయన్ని నిలదీశాను. ఆయన తాపీగా వివరించాడు. యాసిడ్ బ్యాటరీని నిండుగా దాచాలనేది నిజమేనట. కానీ ఈ లైట్లలో ఉండే లిథియం సెల్లు జాతి వేరు. దాన్ని సగం చార్జితో, లైటులోంచి బయటికి తీసి, చల్లగా, పొడిగా ఉన్నచోట దాచాలి. నిండా చార్జి పెట్టి వేడిలో ఉంచితే లోపల్లోపలే చచ్చిపోతుంది. నిండా పెట్టించింది నీ మాట, వేడిలో పెట్టింది వీళ్ళ అలవాటు. ఇద్దరూ ప్రేమగానే చంపారు. వీళ్ళ అటకని వెక్కిరించే ముందు నీ బ్యాటరీ రూముని కూడా కాస్త వెక్కిరించుకో.

ఇప్పుడు పందెం వేస్తున్నాను. లైట్లన్నిటికీ కొత్త సెల్లులు తెచ్చాను. నా పద్ధతిలో దాస్తాను. నీకూ ఒక లైటు పంపుతున్నాను, నీ పద్ధతిలో దాచుకో. వచ్చే ఇప్పపూలకి నావి వెలగకపోతే పెట్టె సర్దుకుని కిరండూల్ వచ్చేస్తాను. వెలిగితే నువ్వు ఇక్కడికొచ్చి మా ఇంట్లో అన్నం తినాలి. ఈ పందెం సంగతి నీ అల్లుడు మంగల్‌కి చెప్పలేదు. అతను ఒప్పుకోడు, నేను ఆగను.

నీ పోలికే వచ్చిన
స్వర్ణ

గొల్లపల్లి,
దసరా సెలవులు

జవాబు రాయని నాన్నకి,

రాయకు. నేను రాస్తూనే ఉంటాను. లైటు ముట్టిందని అమ్మ చెప్పింది, పెట్టె విప్పి బల్ల మీద పెట్టుకుని చాలాసేపు చూశావని కూడా చెప్పింది.

చల్లగా, పొడిగా ఉన్న చోటట! భద్రాచలంలో గదిలో ఫ్యాను కింద కూర్చున్నవాడికి చెప్పడం తేలికే. వానాకాలం గొల్లపల్లిలో చల్లగా ఉన్నచోట గోడలు కారతాయి, పొడిగా ఉన్నచోట పొయ్యి మండుతుంది. నీళ్ళకుండల పక్కన పెడదామంటే తుప్పు, రేకు కింద పెడదామంటే సెగ. నేను ఇల్లంతా తిరిగి తిరిగి తల పట్టుకు కూర్చుంటే మా అత్త కట్టు కట్టిన చేత్తో వచ్చి నిలబడింది.

"ఏంది కోడలా, సెల్లు గూడ ఇత్తనం లెక్కనే గదా. తడిస్తె మొలుస్తది, మాడితె చస్తది. బుర్రల వెయ్యి" అంది.

ఎండిన సొరకాయ బుర్రలు ఇక్కడ ప్రతి ఇంట్లో ఉంటాయి. నీళ్ళకొకటి, జీలుగు కల్లుకొకటి, విత్తనాలకొకటి. అత్త ఎన్నడూ తడి తగలని బుర్రలు ఏరింది. అడుగున వేయించిన బియ్యం మూట వేశాను, చెమ్మ లాగడానికి. సెల్లులన్నీ సగం చార్జికి దించి, ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా గుడ్డలో చుట్టి పెట్టాను. మూతికి బిరడా బిగించి, పొయ్యి లేని నడిమి గదిలో దూలానికి వేలాడదీశాం. అయితే ఊళ్ళో వాళ్ళు తమ సెల్లులు ముందు నా చేతికివ్వలేదు. మా అత్త ఇల్లిల్లూ తిరిగి, "చెయ్యి ఇరిగింది నాది. నేనే ఇస్తున్న. మీకేంది బాధ?" అని అడిగి తెచ్చింది. ఎలుగు నోటి దాకా పోయి వచ్చిన మనిషి నా వైపు నిలబడింది నాన్నా. నువ్వు నిలబడలేదు.

రాయకూడదనుకున్నాను కానీ పెన్ను పట్టాక ఆగడం నాకు రాదు. పెళ్ళైన ఏడాది నువ్వు ఒకే ఒక్కసారి ఇక్కడికొచ్చావు, గుర్తుందా? సుక్మాలో ఏదో పనుందని అబద్ధం చెప్పి వచ్చావు. ఈ ఇంటి వాకిట్లోనే నిలబడ్డావు. అత్త చెంబుతో నీళ్ళు తెస్తే, "ఉన్నాయి" అని సంచిలోంచి నీ సీసా తీసుకుని తాగావు. ఆవిడ ఆ చెంబు పట్టుకుని అలాగే నిలబడింది. నువ్వు వెళ్ళాక ఆ నీళ్ళు మొక్కకి పోసి, "పెద్దాయనకి మన నీళ్ళు పడవేమో" అంది. నిన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేను ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు ఏడవను, ఇప్పుడు కోపమే. వాళ్ళు గోండు తెగా దొర్ల తెగా అని కాలేజీకొచ్చి మరీ మంగల్‌ని అడిగి తెలుసుకున్నావు కదా, వాళ్ళ ఇంటి నీళ్ళు ఎలా ఉంటాయో ఎందుకు తెలుసుకోలేదు?

నిన్న బుర్రలు దింపి సెల్లులు చూశాను. కొద్దిగా దిగినవాటికి కాస్త చార్జి పెట్టి మళ్ళీ వేలాడదీశాను. తుప్పు లేదు. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళయితే, నేను పట్టినదానికి కూడా మూడే.

నీ ఒక్కగానొక్క తలనొప్పి
స్వర్ణ

గొల్లపల్లి,
ఇప్పచెట్టు కింద తొలిపూలు రాలిన సాయంత్రం

నాన్నా,

పందెం రద్దు.

తొందరపడి నవ్వకు, చదువు. రేపు తెల్లవారుజామున అత్త, ఊళ్ళో ఆడవాళ్ళు పూలకి పోతున్నారు. ఇవాళ బుర్రలు దింపాలి. దింపే ముందు మంగల్‌కి పందెం సంగతి చెప్పేశాను. ఆ సంగతి అతనికి చెప్పకుండా లైటు వెలిగించడం నాకు నచ్చలేదు. అతను గొడ్డలికి పిడి బిగిస్తున్నాడు. పని ఆపి నా వైపు చూసి, "ఏంది స్వర్ణా, నన్ను గూడ పందెంల వెట్టినవా?" అన్నాడు. అరవలేదు. మళ్ళీ పిడి బిగించడం మొదలుపెట్టాడు. నాన్నా, నువ్వు ఇన్నాళ్ళూ మాట్లాడకుండా పెట్టిన బాధ ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు.

అప్పుడు తెలిసింది నేను చేసిన పని. నా కాపురాన్ని తీసుకెళ్ళి ఒక సెల్లుకి తగిలించాను. ఇది నీ పద్ధతి. ఏదో ఒకటి చేసి చూపిస్తేనే ఇక్కడ ఉండే హక్కు నాకుందని నీ చేత ఒప్పించుకోవాలని చూశాను. ఎవరి చేత ఒప్పించుకోవాలి? ఎందుకు? నేను ఈ ఇంటి మనిషిని. రేపు ఒక్క లైటు కూడా వెలగకపోయినా, ఊరంతా నన్ను తిట్టినా, ఆరునూరైనా నేను కిరండూల్ రాను. వెలగకపోతే ఎందుకు వెలగలేదో కనుక్కుని, పై ఏడు మళ్ళీ దాస్తాను. వెలిగాయని నువ్వు భోజనానికి రానక్కర్లేదు. పందెం ఓడి తినే అన్నం మా అత్త వండదు. నీకు రావాలనిపిస్తే రా. లేకపోతే నీ సీసా, నీ నీళ్ళు, నీ రైల్వే క్వార్టరు.

బుర్రలు దింపకముందే ఇది రాసి సంతకం పెడుతున్నాను, తర్వాత నువ్వు ఏ వంకా పెట్టకుండా.

ఎవరి పందెంలోనూ లేని
స్వర్ణ

తెల్లారాక ఇంకో ముక్క. లైట్లు వెలిగాయా అంటావా? చెప్పను. వచ్చి చూసుకో. మా అత్త మాత్రం పూలగంప దించి, ఎండెక్కినా ఆ లైటు నుదుటి మీంచి తియ్యనంటోంది. కట్టుకున్నది అలాగే ఉంచుకుని మంగల్‌కి గంజి పోస్తోంది. దాని వెలుతురు పట్టపగలు కూడా అతని ముఖం మీద పడుతోంది. అతను కళ్ళు చిట్లించి నవ్వాడు, నిన్న సాయంత్రం నుంచీ ఇదే మొదటిసారి.

కిరండూల్,
ఆదివారం

అమ్మాయి స్వర్ణకి,

నీ మూడు ఉత్తరాలూ అందాయి. నువ్వు గెలిచావని ఒప్పుకోవడానికి కాదు ఈ ఉత్తరం. పందెం రద్దు చేసింది నువ్వు, కాబట్టి గెలిచినవాళ్ళు లేరు.

యాసిడ్ బ్యాటరీ గురించి నేను చెప్పింది ఇప్పటికీ రైటే. అది రాసి పెట్టుకో.

నువ్వు పంపిన లైటుకి మొదటి రోజు అలవాటు కొద్దీ నిండా చార్జి పెట్టాను. ఆ సాయంత్రం నీ ఉత్తరం మళ్ళీ చదివాను. లైటు వెలిగించి వరండాలో పెట్టి, సగానికి దిగేదాకా దాని దగ్గరే కూర్చున్నాను. ఏటిది, లైటు వృథాగా వెలిగిస్తున్నావని మీ అమ్మ అడిగింది, నేను చెప్పలేదు. తర్వాత సెల్లు తీసి గుడ్డలో చుట్టి, ఎండ తగలని గదిలో బీరువా అడుగున పెట్టాను. నీ పద్ధతి తప్పని తేల్చాలంటే ముందు ఎవరో ఒకరు దాన్ని సరిగ్గా చెయ్యాలి కదా, అదీ నా ఉద్దేశం. దసరాకి నువ్వు చూశానని రాశాక నేనూ తీసి చూశాను. మొన్న వేశాను. వెలిగింది. అంటే నా దగ్గర నా పద్ధతిలో దాచినది ఒక్కటీ లేదు.

చెంబు సంగతి నాకు గుర్తుంది. మర్చిపోయాననుకున్నావు.

పై వారం బుధవారం పొద్దున్న బస్సుకి బయల్దేరి సుక్మా మీదుగా కోంటా వస్తాను. మీ అత్తగారికి నాలుగో మనిషికీ బియ్యం పొయ్యమని చెప్పు. ఈ లైటు తెస్తున్నాను, ఆ ఊళ్ళో లైటు లేనివాళ్ళెవరైనా ఉంటే ఇద్దువు. కోంటాలో దిగాక మీ ఊరి దారి నాకు సరిగ్గా తెలీదు, అల్లుణ్ణి బస్సు దగ్గరికి రమ్మను.

నీళ్ళ సీసా తేవడం లేదు.

మీ నాన్న
భూషణం