ఎడమ కంట్లో నలుసు

మార్చి 3, మంగళవారం
కాళ్ళు మొద్దుబారాయి. గోడ పట్టుకుని బాత్రూమ్ దాకా పోయి వచ్చేసరికి పొద్దు గడిచిపోతోంది. నడుముకి ఎంఆర్‌ఐ తీయించమన్నాడు డాక్టర్. నరం ఎక్కడ నొక్కుకుపోయిందో చూడకుండా ఆపరేషన్ చెయ్యడట. ఆలస్యమైతే ఇక నడవనట. మంచాన పడి ఒకరి చేత కడిగించుకునే బతుకు నాకొద్దు.

మార్చి 6, శుక్రవారం
స్కాన్ కాలేదు. ఒళ్ళు మండిపోతోంది.

ఆ ఎంఆర్‌ఐ గొట్టం పెద్ద అయస్కాంతమట. లోపల ఎవరూ లేకపోయినా ఇనుమును లాగుతూనే ఉంటుందట. స్కాన్ తీసే అమ్మాయి ఉంగరం తీయించింది, బెల్టు తీయించింది. గుండెలో మిషన్ ఉందా, ఎముకల్లో ప్లేటు ఉందా, కంట్లో ఎప్పుడైనా ఇనుప ముక్క పడిందా అని ఒకటే ప్రశ్నలు. నా ఒంట్లో గుండుసూది కూడా లేదన్నాను. అబద్ధం కాదు. ఇనుము అరగదీసే గ్రైండర్ మీద బతికినవాడికి కంట్లో నలుసు పడటం జలుబు చేసినట్టు. దాన్ని దెబ్బ అన్నవాణ్ణి చూసి షాపంతా నవ్వేది. పక్కవాడు రెప్ప ఎత్తి గుడ్డ కొసతో తీసేవాడు, మళ్ళీ పనిలో పడేవాళ్ళం.

గొట్టం గది తలుపు దాకా తీసుకెళ్ళారు. అప్పుడు లేచింది మా ఇంటావిడ. ఈయన గ్రైండర్ మేస్త్రీ అమ్మా, కళ్ళల్లో ఇనుప రజనుతోనే ఇంటికొచ్చేవారు, ఎన్నోసార్లు నేనే తీశాను అని చెప్పేసింది. అమ్మాయి చక్రాల కుర్చీ అక్కడే ఆపేసింది. కంటికి ఎక్స్‌రే తీయందే లోపలికి పంపనంది.

అడిగింది నన్నయితే మధ్యలో నువ్వెవరివని ఆవిడ మీద అరిచాను. అందరూ చూశారు. చూడనీ.

ఆవిడ మెల్లగా అంది: "కాళ్ళు లేకపోతే నేను పట్టుకుని నడిపిస్తాను. కన్ను ఎక్కణ్ణించి తెచ్చిపెట్టను?"

మార్చి 7, శనివారం
ఆవిడతో మాట్లాడలేదు.

మార్చి 9, సోమవారం
ఎక్స్‌రేలో ఉంది. ఎడమ కంట్లో, లోతుగా, తెల్లగా. బియ్యపు నూకలో సగం లేదు. ఎప్పుడు పడిందో తెలియదు.

గొట్టంలోకి పోతే అది కదిలి కన్ను లోపల చీరేస్తుందట. పోతే ఒక కన్ను, వస్తే రెండు కాళ్ళు, స్కాన్ తీసెయ్యమన్నాను.

"లెక్క బాగానే ఉంది తాతగారూ. ఆ తలుపు మాత్రం నేను తియ్యను" అంది అమ్మాయి.

మొండిది. మా షాపులో ఉంటే పనికొచ్చేది.

వెన్నులోకి మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తామన్నాడు డాక్టర్. దానికి అయస్కాంతం లేదు. సూది నొప్పి ఉంటుంది, బొమ్మ అంత బాగా రాకపోవచ్చు. కానివ్వమన్నాను. అలిసిపోయాను.

మార్చి 11, బుధవారం
సీటీ అయింది. నొక్కుకున్న చోటు దొరికింది. ఎల్లుండి ఆపరేషన్. నడుస్తానా అని అడిగితే, చూద్దాం అన్నాడు.

ఇంటావిడకి సారీ చెప్పాలేమో. నాకు రాదు.

మార్చి 12, గురువారం
ఆసుపత్రి మంచం. ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని నా చొక్కాకి గుండీ కుడుతోంది. కుడి కన్ను మూసుకుని ఎడమ కంటితో చూశాను. చాలాసేపు చూశాను.

ఏంటా చూపు అంది.

కనపడుతున్నావులే అన్నాను.