పొద్దుటి మొదటి గంట

నా నాలుకకి చదువు చెప్పిన పిన్నికి,

ఏడవకుండా రాద్దామని కూర్చున్నాను, నవ్వకు. వచ్చే నెల నుంచి టీ రుచి చూసే బల్ల వదిలేసి ప్యాకింగు విభాగానికి వెళ్ళిపోతున్నాను. నువ్వు రిటైరవుతూ నీ చెంచా నా చేతిలో పెట్టి అప్పగించిన పని ఇది. కానీ నా నాలుక చచ్చిపోయింది పిన్నీ. పోయిన వారం బూజుపట్టిన ఆకుని "భేష్" అన్నాను! పక్కన కూర్చునే పెద్దాయన చూసిన చూపుకి భూమిలోకి దిగిపోవాలనిపించింది.

మొదట బద్ధకం అనుకున్నాను. ఎండలో కూడా స్వెటరు, దువ్వెన నిండా జుట్టు, పది గంటలు పడుకున్నా నిద్రమత్తు. మా ఆయన "పెళ్ళయిన కొత్తలో పిడుగువి, ఇప్పుడు పరుపువి" అని ఏడిపించి, ఆనక తనే భయపడి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు. రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువని తేలింది, నాలుక మొద్దుబారిందీ దానివల్లేనట. ఒంటిని కాపాడాల్సిన శక్తే దారితప్పి మెడలోని గ్రంథి మీద పడుతోందట. కొందరికి ఆపరేషన్ వల్లో, అయోడిన్ చాలకో, ఏవో మందుల వల్లో కూడా వస్తుందట. "మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?" అని అడిగింది. "మాకెవరికీ లేదండీ, మా పిన్నయితే గుండ్రాయిలా ఉంటుంది" అన్నాను.

రెండు నెలలుగా మాత్ర ఒక్కరోజు మానలేదు. పరగడుపున వేసుకోమంది కదా అని లేవగానే మొదటి కప్పు టీతో వేసుకుంటున్నాను. మనకి టీ అంటే మంచినీళ్ళేగా! అయినా మళ్ళీ పరీక్ష చేస్తే అంకె కదల్లేదు. మందుకి కూడా లొంగని దాన్ని, ఇంకా ఆ బల్ల దగ్గర కూర్చుని ఎవర్ని మోసం చెయ్యను చెప్పు?

నీ చిట్టి

* * *

ఒసే మొద్దు చిట్టీ,

టీతోనా! మనకి మంచినీళ్ళేమో గానీ మాత్రకి కాదే! టీతో వేసుకుంటే ఆ మందు ఒంటికి సరిగ్గా పట్టదు.

పని నేర్పిన మొదటిరోజే చెప్పాను, లేచాక గంటసేపు నాలుక మీద మంచినీళ్ళు తప్ప ఏదీ పడకూడదని. చాదస్తమని మానేశావు కదూ? అది చాదస్తమూ కాదు, వృత్తి రహస్యమూ కాదు. నా థైరాయిడ్ మాత్ర. పందొమ్మిదేళ్ళుగా వేసుకుంటున్నాను. నాలుక మొద్దుబారిందని తెలిస్తే బల్ల దగ్గర్నుంచి లేపేస్తారని భయపడి, పొద్దున్నే ఎవరైనా టీ ఇస్తే వద్దనడానికి ఆ నియమం అల్లాను. అందరూ నమ్మేశారు. మన ఇంట్లో ఇంకెవరికైనా రావచ్చని నా డాక్టరు అప్పుడే చెప్పాడు. అయినా నోరు మూసుకున్నాను. నన్ను తిట్టు తల్లీ, పడతాను.

డాక్టరమ్మకి ఈ టీ సంగతి చెప్పు. మోతాదు నీ అంతట నువ్వు మార్చకు. ప్యాకింగు వైపు వెళ్ళావో, కాళ్ళు విరగ్గొడతాను.

నీ దొంగ పిన్ని

* * *

దొంగ పిన్నికి వెయ్యి ముద్దులు,

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. మాత్ర నీళ్ళతో, టీ గంట తర్వాత, అంతే, మోతాదు అదే అంది. రెండు నెలలకి అంకె దారిలో పడింది. స్వెటరు బీరువాలోకి వెళ్ళిపోయింది. ఈరోజు పదకొండు కప్పుల్లో ఏడోదాంట్లో పొగ వాసన పట్టేశాను పిన్నీ! పెద్దాయన రెండుసార్లు రుచి చూసి "ఔనమ్మాయ్, పొగే" అన్నాడు. నేను గెంతిన గెంతుకి మూడు కప్పులు దొర్లాయి.

ఆ ఊపులో నీ రహస్యం కూడా అందరి ముందూ చెప్పేశాను. పెద్దాయన చెంచా కింద పడేసి, "అయ్యో రామా! పందొమ్మిదేళ్ళుగా ఆ గంట నేనూ పాటిస్తున్నానే! టీ లేక పొద్దున్నే ప్రాణం పోతున్నా ఓర్చుకున్నానే, ఉత్తపుణ్యానికి!" అని మొత్తుకున్నాడు.

ఆదివారం తెల్లారేసరికి వస్తున్నాను. నీతో పోట్లాడాలని పెద్దాయనా వస్తాడట. మనిద్దరం మాత్రలు వేసుకుని గడియారం చూస్తూ కూర్చుందాం. ఆయనకి మాత్రం గుమ్మంలోనే టీ ఇచ్చెయ్యి.

నాలుక తిరిగొచ్చిన నీ చిట్టి