బాబాయిని ఎవరని అడక్కు

అక్కకి,

ఉభయ కుశలోపరి అని రాయాలి గానీ, ఈసారి కుశలం అంతా నీ వైపే ఉంచుకో. ఈ ఉత్తరం నేను నిలబడి రాస్తున్నాను. గది కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, గుర్రంలా నిలబడి. ఎందుకంటే నాకు చెప్పుకోలేని చోట గడ్డ లేచింది. బస్సు డ్రైవరుకి ఏ చోట లేవకూడదో సరిగ్గా ఆ చోటే. వారం నుంచి డ్యూటీకి పోవడం లేదు. నిలబడి బస్సు నడిపే విద్య మా డిపోలో ఇంకా ఎవరికీ రాలేదు.

డాక్టరు చూసి, "చిన్న ఆపరేషనయ్యా, అరగంట పని" అన్నాడు. చిన్నది ఆయనకి! నాకు సూది చూస్తేనే పై ప్రాణాలు పైనే పోతాయని నీకు తెలుసు కదా. పైగా మత్తు ఇస్తారట. సొంత మనిషి ఒకరు వచ్చి, సంతకం పెట్టి, పక్కనుండి ఇంటికి తీసుకెళ్తేనే చేర్చుకుంటారట. "ఏం, నీకు సొంత మనుషులు లేరా?" అని నర్సు అందరి ముందూ అడిగేసింది. "బోలెడంత మంది ఉన్నారమ్మా, ఈ ఊళ్ళోనే ఒక్కరూ లేరు" అన్నాను. మా కండక్టరు వస్తానన్నాడు గానీ, నేను సెలవు పెట్టేసరికి వాణ్ణి వేరే బస్సెక్కించారు.

నువ్వొస్తావా అక్కా? నీ దగ్గర దాపరికమెందుకు, నాకు చాలా భయంగా ఉంది.

నీ తమ్ముడు

తా.క.: గడ్డ ఎక్కడో మాత్రం ఎవరికీ చెప్పకు.


ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు తర్వాత, ముందు తిట్లు. వారం నుంచి నిలబడి ఉన్నవాడివి ఇప్పుడా చెప్పడం? నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. రెక్కలు కట్టుకుని వాలేదాన్నే గానీ, బడులు తెరిచే రోజులు. కొట్టు నిండా యూనిఫారాలే. ఇప్పుడు నేను కుట్టుమిషను ముందు నుంచి లేస్తే ఊళ్ళో సగంమంది పిల్లలు నిక్కర్లు లేకుండా బడికెళ్తారు.

అందుకని మా అత్తగారి తమ్ముణ్ణి నీ దగ్గరికి పంపిస్తున్నాను. పెద్ద ఆఫీసరుగా చేసి రిటైరై మీ ఊళ్ళోనే ఉంటున్నారు. మీ బావకి మేనమామ, మనకి బాబాయి వరస. మనిషి వెన్నపూస. ఒకటే తిక్క, ఆయన్ని "మీరెవరు?" అని అడగకూడదు. మా పెళ్ళిలో గుమ్మం దగ్గర ఎవరో అలా అడిగారని అన్నం ముట్టకుండా వెళ్ళిపోయారు. అందుకే నువ్వు ఆయన మొహం చూడలేదు. అత్తగారు కాళ్ళావేళ్ళా పడితే ఇన్నాళ్ళకి మెత్తబడ్డారు. కాబట్టి ఆపరేషను రోజు ఓ పెద్దాయన నీ మంచం దగ్గరికి వస్తే, పేరూ ఊరూ అడక్కుండా "వచ్చారా బాబాయ్" అనెయ్. మిగతాది ఆయనే చూసుకుంటారు.

భయపడకు నాన్నా. చిన్నప్పుడు నీ కాల్లో ముల్లు తీస్తుంటే వీధివీధంతా అదిరిపోయేలా ఏడ్చావు. తీశాక ఆ ముల్లుని ఇంటింటికీ తిప్పి చూపించిందీ నువ్వే. ఇదీ అంతే. కాకపోతే ఈసారి ఎవరికీ చూపించకు.

అక్క

తా.క.: గడ్డ ఎక్కడో నేను చెప్పలేదు. చెప్పకపోయేసరికి ఎవరికి తోచిన చోట వాళ్ళు పెట్టుకున్నారు. పక్కింటావిడ గుండెలో పెట్టింది. అత్తగారు మెదడులో అంటున్నారు. "మెదడులోనా? ఉంటే కదా!" అన్నాడు మీ బావ.


అక్కకి,

ఈసారి బోర్లా పడుకుని రాస్తున్నాను. అంటే గండం గడిచిందన్నమాట.

బాబాయి మనిషి కాదు, దేవుడు. పొద్దున్నే వార్డులో బిక్కుబిక్కుమంటూ ఉంటే, భుజాన సంచితో ఓ పెద్దాయన వచ్చి నా మంచం దగ్గర ఆగారు. నువ్వు చెప్పినట్టే "వచ్చారా బాబాయ్" అన్నాను. ఆయన ఓసారి వెనక్కి తిరిగి చూసి, "ఆ, వచ్చాను" అని స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఇంతలో నర్సు వచ్చి "మీరేమవుతారు?" అంది. అలిగి వెళ్ళిపోతారేమోనని ఆయన సంచి గట్టిగా పట్టుకున్నాను. "వీడి బాబాయిని. కనపడటం లేదూ?" అని సంతకం గీకేశారు.

ఎంత ముందుచూపు అక్కా ఆయనకి! తనే చేరడానికి వచ్చినట్టు సంచిలో దుప్పటి, పళ్ళెం, సబ్బు, మార్చుకునే బట్టలు. నాతోపాటు తనూ పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు ఇంత? నన్ను లోపలికి తోసుకెళ్తుంటే బండి మీంచి దూకి పారిపోదామని చూశాను. బాబాయి చెవి పట్టుకుని, "పిరికి సన్నాసీ, నువ్వు బయటికొచ్చేదాకా ఈ గుమ్మం దగ్గర్నుంచి కదిలితే ఒట్టు" అన్నారు. కళ్ళు తెరిచేసరికి అక్కడే ఉన్నారు. నా బ్రెడ్డు మొత్తం ఖాళీ చేసేశారనుకో, అది వేరే సంగతి. సాయంత్రం గదికి తీసుకొచ్చి, పడుకోబెట్టి, మందులు ఎప్పుడేవి వేసుకోవాలో చెప్పి మరీ వెళ్ళారు. పాపం వేళ్ళనిండా రంగు మరకలు. రిటైరయ్యాక ఇంటికి ఆయనే రంగులు వేసుకుంటున్నారేమో.

నీ తమ్ముడు

తా.క.: ఊసుపోక, మా బావ గురించి ఏదైనా చెప్పండి బాబాయ్ అన్నాను. నీకంటే ముందు ఇంకో అమ్మాయిని చూసి, సరేనని, పెళ్ళిబట్టలు కూడా కొన్నాక గోడ దూకి పారిపోయాడట కదా! నవ్వీ నవ్వీ కుట్లు లాగేశాయి. నీకు తెలిసే ఉంటుందిలే.


తమ్ముడికి,

నాకు తెలియదు.

నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మీ బావ కొట్టులో గుడ్డల మూటల మీద పడుకుంటున్నాడు. "నేను చూసింది నిన్నొక్కదాన్నే, ఒట్టు" అంటాడు. "సొంత మేనమామ అబద్ధం చెప్తారా?" అంటాను నేను. ఉక్రోషం పట్టలేక వెళ్ళి ఆయనకి ఫోను చేశాడు. తీరా ఏం తేలిందో విను. బాబాయి ఆ రోజు ఆస్పత్రికి వచ్చిన మాట నిజమే. గేటు దగ్గర కాపలావాడు "ఎవరండీ మీరు?" అన్నాడట. అంతే! వచ్చిన దారినే ఇంటికి పోయారు. ఆ అలక ఇంకా దిగలేదు.

మరి నీ పక్కన కూర్చున్నది ఎవడ్రా? దారినపోయే దానయ్య సంతకం పెడితే ఒళ్ళు కోయించుకున్నావా? ముందు గదిలో సామాను సరిచూసుకో. తర్వాత ఒంట్లో సామాను సరిచూసుకో. కిడ్నీలు రెండూ ఉన్నాయో లేదో డాక్టర్ని అడుగు. నాకు కంటిమీద కునుకు లేదు. వెంటనే రాయి.

అక్క

తా.క.: ఆ మనిషి పరాయివాడైతే బావ సంగతి కూడా ఉత్తిదే అయ్యుండాలి. అయినా ఇంకా లోపలికి రానివ్వలేదు. ఒట్టేసే ముందు గుటక మింగాడు. అది నాకు నచ్చలేదు.


అక్కకి,

కిడ్నీలు రెండూ ఉన్నాయి. "నేనసలు ఆ వైపుకే పోలేదయ్యా" అన్నాడు డాక్టరు.

కట్టు మార్పించుకోవడానికి వెళ్తే, బాబాయి అక్కడే బెంచీ మీద, అదే సంచితో కూర్చుని ఉన్నారు. ఇక లాభం లేదని అడిగేశాను: "మీరెవరండీ?" ఆయన అలగలేదు. నవ్వారు.

ఆయన కొట్లకి బోర్డులు రాసే పెయింటరట. ఆ రోజు తనకే ఆపరేషను, హెర్నియాకి. దుప్పటీ పళ్ళెమూ తన కోసమే తెచ్చుకున్నారు. మంచినీళ్ళు ముట్టనిదీ అందుకే. తోడు ఎవరూ లేరని పై అంతస్తులో చేర్చుకోకుండా తిప్పి పంపేశారట. భార్య పోయింది. కూతురు దూరాన ఉంది, నిండు చూలాలు, కంగారుపడుతుందని చెప్పలేదు.

"బయటికి పోతూ, నీ మొహం చూసి జాలేసి ఆగాను. నువ్వు 'వచ్చారా' అన్నావు. పొద్దున్నుంచీ అందరూ 'నీ వాళ్ళేరీ, నీ వాళ్ళేరీ' అన్నవాళ్ళే. నా కోసం ఎదురుచూసినట్టు మాట్లాడినవాడివి నువ్వొక్కడివే. కాదని ఎలా చెప్పనురా?" అన్నారు.

నాకు ఏడుపు ఆగలేదక్కా. ఈసారి కూడా తోడు లేదని ఆయన్ని పంపేయబోతున్నారు. తిన్నగా నర్సు దగ్గరికి వెళ్ళి, "ఈయన అన్నగారి అబ్బాయిని, సంతకం ఎక్కడ పెట్టాలి?" అన్నాను. "నీకే కూర్చోవడం చేతకాదు, నువ్వు తోడా?" అంది. "అందుకేనమ్మా, నిలబడే కాపలా కాస్తాను" అన్నాను. ఒప్పుకోలేదు. నాతోపాటు ఇంకో మనిషి ఉంటేనే వచ్చే సోమవారం చేస్తారట. అక్కా, యూనిఫారాలు అయిపోయాయా?

నీ తమ్ముడు

తా.క.: బావ సంగతి కూడా అడిగాను. "నోరు తెరిచి అడిగావు, ఏదో ఒకటి చెప్పకపోతే బాగోదని మా బావ సంగతి చెప్పాను" అన్నారు. మన బావ ఏ పాపమూ ఎరగడు. లోపలికి రానివ్వు.


చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా అందింది. మీ బావ నిన్ననే ఒప్పేసుకున్నాడు.

మూటల మీద పడుకుని పడుకుని నడుము పట్టేసిందేమో, వచ్చి నా ముందు చతికిలబడ్డాడు. "సంబంధం చూసిన మాట నిజమే, బట్టలు కొన్న మాటా నిజమే. కానీ గోడ దూకలేదే, గేటులోంచే పారిపోయాను!" అన్నాడు. గోడ దగ్గర తనకి అన్యాయం జరిగిందని ఇప్పటికీ వాదిస్తున్నాడు. అత్తగారికీ మొదట్నుంచీ తెలుసట. ఇప్పుడు నేనేమన్నా ఎదురుచెప్పే మొహం ఈ ఇంట్లో ఎవరికీ లేదు. ఇలాంటి మంచి సమయం మళ్ళీ రాదని ప్రయాణం కట్టేశాను. మిగిలిన నిక్కర్లకి మీ బావ గుండీలు కుడుతున్నాడు.

ఆదివారం వస్తున్నాను. అన్న కూతురు వస్తోందని బాబాయికి చెప్పు. సొంత కూతురికి మాత్రం ఆయన చేత ఇప్పుడే ఉత్తరం రాయించు. దాచిపెడితే ఎంత గొడవవుతుందో మీ బావని అడగమను. నీ బస్సు సీటుకి మధ్యలో చిల్లున్న దిండు కుట్టాను. దారిలో ఇదేమిటని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఇంకా తేల్చుకోలేదు.

అక్క

తా.క.: ఈ కథంతా అసలు బాబాయికి తెలిసిపోయింది. తన బదులు ఇంకెవరో బాబాయిగా మెప్పు కొట్టేశాడని ఓర్చుకోలేక, సోమవారం తనూ తోడుంటానని బయల్దేరుతున్నారు. నువ్వు కాస్త ముందుగా వెళ్ళి ఆ గేటు కాపలావాడి గడ్డం పట్టుకుని బతిమాలు. ఆ ఒక్కరోజూ ఎవర్నీ ఎవరని అడగొద్దని చెప్పు. అందరం ఆ పెయింటరు బాబాయి మనుషులమే.