చప్పట్ల పాటలో పేరు

లూయిస్ దీవి, పడమటి తీరం
సెప్టెంబరు, 1990

నా బంగారు డోలీనాకి,

కవరు బరువు చూసి మనవాళ్లెవరో పోయారని కంగారుపడకు. ఎవరూ పోలేదు. నేను పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను. ముందు కూర్చో, టీ పెట్టుకో, ఆ తర్వాత చదువు. ఇదంతా ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు నవ్వుతావు, నాకు ఒళ్లు మండి ఫోను పెట్టేస్తాను, పని కాదు. నాకు నీతో పని ఉంది.

వరుడు రోడ్డుకి అవతలి ఇంటి టోర్కిలే. ఇంకెవరనుకున్నావు? మా అలాస్డేర్ పోయి చాలా ఏళ్లయింది, టోర్కిల్ భార్య రేచల్ పోయి ఆరేళ్లు. ఇద్దరూ మంచివాళ్లు, వాళ్ల మీద నాకే ఫిర్యాదూ లేదు. అయితే టోర్కిల్ అక్టోబరు ఆఖరుకి కూతురి దగ్గరికి అబర్దీన్ వెళ్లిపోతున్నాడు. మగ్గం అమ్మకానికి పెట్టాడు. మగ్గం అమ్ముకున్న నేతగాడు మళ్లీ దీవికి తిరిగొచ్చాడని నేనెక్కడా వినలేదు. అంటే నేను నోరు విప్పాల్సింది ఈలోపే.

నోరు విప్పడానికి నీకు కష్టమేమిటే అంటావు. కష్టమేం లేదు. కానీ అరవై తొమ్మిదేళ్ల ఆడది ఎదురింటి మగాడి దగ్గరికి వెళ్లి "చిన్నప్పట్నుంచీ నువ్వంటే ఇష్టం" అంటే ఏమనుకుంటాడు? చలికాలానికి పొయ్యిలోకి పీట్ గడ్డలు మోసేవాడు కావాలేమో అనుకుంటాడు. అందుకని నాకు సాక్ష్యం కావాలి. అచ్చులో ఉన్న సాక్ష్యం. అది మిస్ ప్రింగిల్ పుస్తకంలో ఉంది.

గుర్తుందా, యుద్ధానికి ముందు చలికాలం, మీ ఇంట్లో గుడ్డ బాదుడు? మగ్గం మీంచి దింపిన ఉన్ని గుడ్డని, మీ అమ్మ పీపాలో నిల్వ చేసిన ఉచ్చలో నానబెట్టి (ఆ కంపు నా ముక్కులో ఇంకా ఉంది), బల్ల చుట్టూ కూర్చుని పాట మీద పాట పాడుతూ చేతులు కందేదాకా బాదాం. మూలన స్టూలు మీద ఎడిన్‌బరా నుంచి వచ్చిన మిస్ ప్రింగిల్, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఒంటి చేత్తో మన పాటలు రాసుకుంటూ ఉంది. ఆఖర్న గుడ్డ చుట్టేటప్పుడు చప్పట్ల పాట. పెళ్లికాని పిల్లలకి వరసగా ఒక్కో మగాడి పేరు అంటగట్టడం. ఆ పిల్ల కనీసం రెండు పేర్లని తిట్టి కాదనాలి, మూడో పేరుకి సిగ్గుపడుతూ సరేననాలి. అది పద్ధతి. నాకు మొదటి పేరే టోర్కిల్ అని పెట్టారు. నేను కాదనలేదు. అప్పటికప్పుడు చరణం కట్టి పాడి ఒప్పేసుకున్నాను. మీ అమ్మ చప్పట్లు కొట్టడం మానేసి నా మొహం చూసింది.

మగాళ్లని ఆ గదిలోకి రానియ్యం. బల్ల దగ్గర పాడింది గడప దాటకూడదు. డజను మంది ఆడవాళ్లం ఒక మాట విన్నాం, డజను మందిమీ దాచాం! ఈ దీవిలో అలాంటి అద్భుతం మళ్లీ జరగలేదు. ఒక్కతి నోరు జారినా బాగుండేది. టోర్కిల్ ఓడెక్కి యుద్ధానికి వెళ్లాడు, వచ్చేటప్పుడు రేచల్‌ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ రోజు జెట్టీ మీద నేను కూడా చెయ్యి ఊపాను. ఇంటికొచ్చి, గడియ పెట్టుకుని, ఎందుకు ఊపానా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇది నీకు కూడా ఎప్పుడూ చెప్పలేదు.

పుస్తకం వేసింది యుద్ధం అయ్యాక. ఎంత వెతికినా దొరకట్లేదే! స్టోర్నోవేలో పుస్తకాల షాపు కుర్రాడు "అలాంటి పుస్తకమే లేదండీ" అన్నాడు. "నేను అందులో ఉన్నానురా," అన్నాను. నమ్మలేదు. మన పాత బడిపంతులు భార్య దగ్గరికి వెళ్లాను. "ఉండేదమ్మా. కోళ్లగూడు తలుపు ఊగుతోందని మా ఆయన దానికి ఆనించాడు. సగం వాన తినేసింది, సగం కోళ్లు తినేశాయి," అంది. మిగతా ఇళ్లలో సంగతి నీకు తెలిసిందే. చర్చి పెద్దలు పనికిమాలిన పాటలు అన్నారు, పిల్లలు భక్తిగా పొయ్యిలో వేశారు.

గ్లాస్గో అంత ఊళ్లో ఒక్కటైనా ఉండకపోదు. ఆకుపచ్చ అట్ట. వెతికి పెట్టు. నేను కట్టిన చరణం నాకే మొదటి ముక్క తప్ప గుర్తులేదు. అదొక్కటి చేతికి వస్తే మిగతాది నేను చూసుకుంటాను.

ఇక్కడ గాలికి ఎగిరిపోకుండా నిలబడి ఉన్న నీ
మర్డీనా


గ్లాస్గో
అక్టోబరు మొదటివారం

పెళ్లికూతురు మర్డీనాకి,

నవ్వలేదు. టీ మాత్రం ఒలికింది.

నీ పుణ్యమా అని ఈ నగరంలో నేను ఎక్కని మెట్లు లేవు. యూనివర్సిటీ దిగువన పాత పుస్తకాల షాపులన్నీ తిరిగాను. ఒకాయన, గడ్డంలో రొట్టె ముక్కలతో సహా, నన్ను ఎగాదిగా చూశాడు. "ఆ పుస్తకమా? అది అచ్చయిన రోజునుంచే దొరకదు. పరిశోధన చేస్తున్నారా?"

"లేదండీ, పెళ్లి సంబంధం," అన్నాను.

పాపం, కుర్చీ వేశాడు. దుమ్ములో తన అటకంతా వెతికించాడు, లేదు. "ఏ వేలంలోనైనా వస్తే ప్రొఫెసర్లు గద్దల్లా తన్నుకుపోతారమ్మా. మీరు పుస్తకమంటే ఏమిటో తెలియని వాళ్ల దగ్గర చూడండి," అన్నాడు. తెలివైనవాడు. శనివారం బారస్ సంతకి వెళ్లాను. పగిలిన టీపాట్ల పక్కన, స్వెట్టర్ల అల్లికల కాగితాల పెట్టె అడుగున ఉంది, ఆకుపచ్చ అట్ట, మన దీవి పటంతో సహా. సంతలో ఆశ మొహంలో కనిపించకూడదని నీకు తెలుసుగా, పుస్తకాన్ని ఒక అల్లికల కాగితం కింద పెట్టి, ఆ కాగితానికే బేరం మొదలుపెట్టాను. అమ్మే ఆవిడ పుస్తకం తిరగేసి, "పాటలా? రాగాలు కూడా వేశారే! అయితే ఇంకో పౌండు ఇవ్వండి," అంది. ఇచ్చాను. నీ కట్నం కింద రాసుకో.

నీ చరణం ఇదిగో. ట్రాములో నిలబడి చదివాను అని రాయబోయాను, ట్రాములు పోయి ముప్పై ఏళ్లవుతోంది. బస్సులో చదివాను.

టోర్కిల్ పేరే చాలు చాలు, రెండో పేరు ఎత్తకండి
పడవకేమొ చిల్లు ఉంటే, తారు నేను పూస్తనండి
వాళ్ల అమ్మ తలుపు వేస్తే, కిటికీ గుండా వస్తనండి

ఎంత పొగరే నీకు!

ఇప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకో. చరణం కింద "పాడినది: మిస్ మర్డీనా" అని లేదు. "పాడినది: మిస్ డోలీనా మెక్‌లౌడ్" అని ఉంది. మిస్ ప్రింగిల్‌ది తప్పు కాదు. మర్నాడు ఆవిడ పేర్లు సరిచూసుకుంటుంటే నేనే అలా చెప్పాను. నువ్వప్పుడు చేలో ఉన్నావు. మీ అమ్మ సంగతి తెలుసుగా, ఆదివారం నాడు ఈల వేసిందని కోడిపెట్టని కూడా క్షమించే మనిషి కాదు. అచ్చులో నీ పేరు పక్కన కిటికీ కనబడితే నిన్ను బతకనిస్తుందా? మా అమ్మ అయితే నవ్వి ఊరుకుంటుంది. అందుకని చెప్పాను.

నిజమే రాశాను, కానీ అది సగమే. నాకూ అతనంటే ఇష్టం. అతని పేరు పక్కన నా పేరు ఒక్కచోటైనా, ఏ మూలనైనా, ఉండాలనిపించింది. అంతే. అందులో నిన్ను మోసం చేసే ఉద్దేశం లేదు, అతన్ని లాక్కునే ధైర్యమూ లేదు. ఆ తర్వాత నేనిక్కడికి వచ్చాను, ఆసుపత్రిలో పనిచేశాను, హాయిగా బతికాను, నా మీద జాలి పడ్డావంటే మాట్లాడను. పుస్తకం దొరికాక నాలుగు రోజులు నా దగ్గరే ఉంచుకున్నాను. ఇవాళ పోస్టు చేస్తున్నాను.

అతను నమ్మకపోతే ఈ ఉత్తరం చూపించు. ఇది నా సాక్ష్యం: పాడింది మర్డీనా, డోలీనా కాదు. త్వరగా కానీ. అక్టోబరు ఆఖరంటే ఎంతో దూరం లేదు.

నీ సాక్షి
డోలీనా


లూయిస్ దీవి
అక్టోబరు

నా పిచ్చి డోలీనాకి,

నీకు అతనంటే ఇష్టమని నాకు తెలియకపోవడమేమిటే? ఊళ్లో మేకలకి కూడా తెలుసు. ఆ రోజు బల్ల దగ్గర నా పక్కన కూర్చున్నదెవరు? నువ్వు. నేను పద్ధతి ప్రకారం టోర్కిల్‌ని తిట్టి కాదంటే, తర్వాత ఆ పేరు ఎవరికి పెడతారు? నీకే. నువ్వు బుగ్గలు ఎర్రజేసుకుని తల దించుకుంటావు, డజను మంది చప్పట్లు కొడతారు, అయిపోయె. అందుకే మొదటి పేరుకే పట్టేసుకున్నాను. సిగ్గు లేకుండా చేశాను, మళ్లీ అవకాశం వచ్చినా అదే చేస్తాను. కాబట్టి నా దగ్గర నువ్వు దాచిందేమీ లేదు, నీకు నేను బాకీ పడిందీ లేదు. కానీ ఆ నాలుగు రోజుల ముక్క మాత్రం రెండుసార్లు చదివాను. నా చేతిలో ఉంటే నాలుగు రోజులకి పంపేదాన్నా? ఏమో, ప్రమాణం చేయలేను.

ఇక అసలు సంగతి. పుస్తకం వచ్చిన రోజే, భోజనాలయ్యాక, ఏప్రను కింద పెట్టుకుని రోడ్డు దాటాను. నీ ఉత్తరం కూడా తీసుకెళ్లాను. టోర్కిల్ మగ్గం షెడ్డులో ఉన్నాడు. మగ్గం కొన్నవాళ్లు సోమవారం వస్తారట, విప్పడానికి నూనె పెడుతున్నాడు.

"ఇది చదువు," అని పుస్తకం ఇచ్చాను.

అతను అట్ట చూశాడు. చేతులు తుడుచుకున్నాడు. పుస్తకం తెరవలేదే డోలీనా! మగ్గం మీద చెయ్యి వేసి, నా చరణం మొదటి నుంచి చివరిదాకా ఒప్పజెప్పాడు. ఆదివారాలు చర్చిలో కీర్తన ఎత్తే మనిషి, కిటికీతో సహా ఒప్పజెప్పాడు. తర్వాత కండెల పెట్టె పక్కకి జరిపి, వెనక నుంచి తన పుస్తకం తీశాడు. అదే ఆకుపచ్చ. అచ్చయిన ఏడాదే స్టోర్నోవేలో కొన్నాడట. అప్పట్లో నేను చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికాను, ఇప్పుడు నిన్ను గ్లాస్గో అంతా తిప్పాను.

"అందులో డోలీనా పేరుంది కదా," అన్నాను. నీ ఉత్తరం తీయబోయాను.

"పేరుంటే? డోలీనా అయితే తలుపు తీసేదాకా వర్షంలో నిలబడుతుంది. కిటికీ ఎక్కేదానివి ఈ ఊళ్లో నువ్వొక్కదానివే."

నీ సాక్ష్యం అక్కర్లేకుండానే కేసు తేలిపోయింది. నాకు సంతోషం రావాలి కదా? కోపం వచ్చింది. "తెలిసి కూడా ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావు?" అని అరిచాను.

"చదివిన రోజు రేచల్ పొయ్యి దగ్గర పాపకి పాలు పడుతోంది. నీకు అలాస్డేర్ ఉన్నాడు. ఎవరికి చెప్పమంటావు?"

"అది సరే. ఈ ఆరేళ్లు?"

"పదిహేడేళ్ల పిల్ల ఎప్పుడో అన్న మాట పట్టుకుని వసూలుకొచ్చినట్టు నీ గుమ్మంలో నిలబడనా మర్డీనా? నువ్వా మాట ఎప్పుడో వెనక్కి తీసుకుని ఉంటావనుకున్నా."

"నేను వెనక్కి తీసుకోవడం ఎప్పుడైనా చూశావా?"

"చూళ్లేదు," అన్నాడు. కాసేపు నూనె డబ్బా మూత బిగిస్తూ, విప్పుతూ కూర్చున్నాడు. "అబర్దీన్ వెళ్లేది కూతురు రమ్మందని కాదు. పొద్దున్నే లేచి మీ ఇంటి పొగ చూడటం, చూసి ఊరుకోవడం. ఇంక నా వల్ల కాలేదు."

నేను ఏడ్చాను. రాసేస్తున్నాను, నీ దగ్గర దాచేదేముంది. జెట్టీ మీద ఏడవనిది కూడా కలిపి ఏడ్చాను. అతను మగ్గం తుడిచే గుడ్డ ఇచ్చాడు, మొహమంతా నూనె అయింది. ఆ మొహంతోనే, "వెళ్లొద్దు. నన్ను చేసుకో," అన్నాను. అడగలేదు డోలీనా, చెప్పాను.

అతను సరే అనలేదు. కాదనీ అనలేదు. "రాగం ఎలా పాడావో వినిపించు. పుస్తకంలో వేసింది ఏదో తేడాగా ఉందని నాకెప్పుడూ అనుమానమే," అన్నాడు. మిస్ ప్రింగిల్ రాగం నిజంగానే తప్పు వేసిందట! సరే, గొంతు సవరించుకుని పాడాను. ఆ వయసు గొంతు కాదు, అయినా పాడాను. చర్చిలో అతను ఎత్తితే ఊరంతా అందుకుంటుంది. ఇవాళ నేను ఎత్తాను, రెండో సారికి అతను అందుకున్నాడు. వాకిట్లో ఎవరో ఆగి వింటున్నారని తెలిసినా ఆపలేదు. రేపటికల్లా చర్చి పెద్దలకి చేరుతుంది. చేరనీ, వాళ్ల ఇళ్లలో పెళ్లిళ్లు పాటలు లేకుండానే అయ్యాయా?

పెళ్లికి నువ్వు రావాలి, నా పక్కనే కూర్చోవాలి. రానని వంకలు పెట్టావంటే ఓడెక్కి వచ్చి ఈడ్చుకొస్తాను.

సాయంత్రం నా ఎదుటే కూతురికి ఫోను చేశాడు. ఆ అమ్మాయి గొంతు పక్కనున్న నాకు కూడా వినబడింది: "నాన్నా, నీ గదికి రంగు కూడా వేయించాం. ఏ రోజు బయల్దేరుతున్నావు?"

"వస్తామమ్మా. వచ్చి చూసి, నాలుగు రోజులుండి వెళ్లిపోతాం," అన్నాడు.

"వస్తామా? ఎవరెవరు?" అంది ఆ అమ్మాయి.

అతను నా వైపు చూశాడు. చర్చిలో కీర్తన ఎత్తేటప్పటి గొంతుతో, అంత తీరిగ్గా, "నేనూ, మర్డీనా," అన్నాడు.

నీ
మర్డీనా